ఒక బెజ్జం వదులు

పటాన్‌చెరు మార్కెట్ రోడ్డులో ఒక టైర్ల షాపు ఉంది. దాని పైగదిలో నేను జంతువుల బొమ్మలు వేస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఎక్కువగా చనిపోయిన పెంపుడు కుక్కల బొమ్మలు అడుగుతారు. ఫోన్‌లో ఫొటోలు పంపుతారు. సగం ఫొటోల్లో కుక్క కదిలిపోయి ఉంటుంది, మిగతా సగంలో కుక్క కంటే సోఫా బాగా కనిపిస్తుంది. ధాబాల గోడలకు నెమళ్లు, జింకలు. బడి గోడలకు పులులు. కొత్త ఇళ్లకు ఏడు గుర్రాలు.

మాది గోదావరి వైపు. నాన్న ఇక్కడ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి స్థిరపడిపోయారు. నేను ఇక్కడే పుట్టాను. నా పిల్లలు మాత్రం ఇక్కడ లేరు. పెద్దది రమ్యశ్రీకి పదకొండేళ్లు, చిన్నది సత్యశ్రీకి ఏడు. సత్యకి ఉబ్బసం. సాయంత్రమయ్యేసరికి ఇక్కడి గాలిలో కుళ్లిన క్యాబేజీలాంటి వాసన ఒకటి దిగుతుంది. అది దానికి పడలేదు. వాళ్ల నాన్న చనిపోయిన ఏడాదే డాక్టరు ఊరు మార్చమన్నాడు. నా పని ఇక్కడ. అందుకని ఇద్దర్నీ సామర్లకోటలో మా అక్క నాగేశ్వరి దగ్గర ఉంచాను.

రోజూ సాయంత్రం ఏడింటికి వీడియో కాల్. అన్నం తిన్నారా, సత్యా మందు పీల్చావా, ఎన్నిసార్లు, తర్వాత నోరు పుక్కిలించావా, రాత్రి కిటికీ మూస్తున్నారా.

"అమ్మా, నువ్వు పోలీసులా అడుగుతావేంటి?" అంటుంది రమ్య.

దూరం నుంచి పిల్లల్ని పెంచేవాళ్ల చేతిలో ప్రశ్నలు తప్ప ఇంకేం ఉంటాయి?

జనవరిలో సంగారెడ్డి నుంచి సోమేశ్వర్ గారు వచ్చారు. విత్తనాలు, ఎరువుల దుకాణం ఆయనది. కొత్త ఇల్లు కట్టారు. హాల్లోకి ఏడు గుర్రాలు కావాలన్నారు.

"ఏడే ఉండాలె మేడం. ఆరొద్దు, ఎనిమిదొద్దు. ఇంట్లకు ఉరుకుతున్నట్టు ఉండాలె, బయటికి గాదు. ఇగ అసలు మాట. కళ్లెం ఉండొద్దు, పగ్గం ఉండొద్దు. మొఖం మీద ఒక్క తోలుపట్టీ కనపడొద్దు. లక్ష్మిని కట్టేసినట్టు ఉంటది."

"అలాగేనండి."

"మా బామ్మర్ది ఇంట్ల ఎవరో ఏసిండు. గుర్రాల మొఖాలు గుర్రాల లెక్క లేవు, మా బామ్మర్ది లెక్కనే ఉన్నయి."

నవ్వాను కానీ మనసులో ముల్లు గుచ్చుకుంది. అప్పటికి నలభై సార్లైనా ఏడు గుర్రాలు వేసి ఉంటాను. అన్నీ ఫొటోలు చూసే. మొహం దగ్గరగా కనిపించే ప్రతి ఫొటోలోనూ మూతి చుట్టూ, చెంపల మీద, చెవుల వెనక పట్టీ ఉంటుంది. ఆ పట్టీ కింద వెంట్రుక ఎటు తిరుగుతుందో, చర్మం ఏ రంగులో ఉంటుందో నాకు తెలియదు. తెలియని చోట రంగు మెత్తగా కలిపేసేదాన్ని. కొనేవాళ్లకి తెలియదు. నాకు తెలుసు. పదకొండేళ్లుగా ఒకే అబద్ధం నలభై ఇళ్లలో వేలాడుతోంది.

ఈసారి నిజం గుర్రాన్ని చూసి వేయాలనుకున్నాను.

కందిలో దశరథ్ అని ఉన్నాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతాడు. తెల్లటి ఆడగుర్రం, పేరు చమ్కీ. హైవే పక్కన సర్వీసు రోడ్డు దాటితే ఖాళీ జాగా, సగం కూలిన ప్రహరీ, రేకుల కొట్టం. అతని భార్య బీరమ్మ పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలో కూర్చుని గుర్రం మీద పరిచే బట్టకి తళుకులు కుట్టేది. నాలుగు రోజులు వెళ్లి గీసుకున్నాను. ఐదో రోజు అడిగాను.

"పట్టీ ఒక్క నిమిషం తీస్తావా దశరథ్?"

అతను గుర్రం మెడ నిమిరాడు. "పట్టీ లేకుండ దాని మొఖం నేనే సూడలే మేడం. పిల్లప్పటి సంది ఉన్నదే. తీస్తే పరేషాన్ అయితది."

"ఒక్క నిమిషం చాలు."

"సరే, జెర ఆగుండ్రి. నీళ్లు తెచ్చి నేనే తీస్త. మీరొక్కరే ముట్టకుండ్రి."

బకెట్ తీసుకుని బోరు దగ్గరికి వెళ్లాడు. నాలుగున్నర అవుతోంది. ఏటవాలు ఎండ చమ్కీ చెంప మీద పడి ఎముక గీత స్పష్టంగా లేచింది. ఆ వెలుతురు పది నిమిషాల్లో పోతుంది. బొమ్మలు వేసేవాళ్లు ఎన్ని తప్పులు చేసినా కారణంగా వెలుతురునే చెప్తారు. నేనూ అదే చెప్పుకున్నాను.

బకిల్ తీశాను.

పట్టీ జారింది. దాని కింద వెంట్రుకలు అరిగిపోయి, బూడిదరంగు చర్మం మీద పట్టీ ఆకారంలోనే ఇంకొక పట్టీ ఉంది. మూతి చుట్టూ ఒకటి, చెంప మీద ఒకటి. నుదుటి సుడి కింద వెంట్రుక నేను నలభై బొమ్మల్లో వేసిన దిక్కుకి కాదు, ఎదురు దిక్కుకి తిరిగింది. చమ్కీ నన్ను చూసింది. తల ఒకసారి విదిలించింది. ఏదీ లాగలేదు. ఆ సంగతి దానికి అర్థమవుతుండగా నేను చూశాను.

హైవే మీద ఏదో లారీ హారన్ కొట్టింది.

చమ్కీ ముందు నడిచింది. తర్వాత ప్రహరీ కూలిన చోటు నుంచి పరుగెత్తింది. పేరు పెట్టి పిలిచినా ఆగేదేమో. పిలవలేదు. రోడ్డు వంద అడుగుల దూరం కూడా ఉండదు.

చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత చేసిన పని ఇది. పట్టీ నా చేతిలో ఉంది. దాని బకిల్ మళ్లీ పెట్టేశాను. ఇందాక ఉన్న బెజ్జంలోనే. తీసిన వస్తువు తీసిన చోట పెట్టేసినట్టు, తాడుకి అలాగే వేలాడదీసి, నా కాగితాల దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

దశరథ్ రోడ్డు మీద నుంచి తిరిగి వచ్చేసరికి అతని చొక్కా అంతా రక్తం. వేలాడుతున్న పట్టీని చూశాడు. బకిల్ పెట్టే ఉంది. దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు.

"చెవి ఎనక పుండయిందని పొద్దుగాల నేనే ఒక బెజ్జం వదులు పెట్టిన," అన్నాడు. "తలకాయ గుంజుకున్నది. నా చేతులతో నేనే సంపుకున్న." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు సూసిండ్రా మేడం?"

"లేదు," అన్నాను. "నేను బొమ్మ చూసుకుంటున్నాను."

*

సోమేశ్వర్ గారి బొమ్మలో ఏడో గుర్రానికి చమ్కీ మొహమే వేశాను. ఆ అరిగిన గీతలు మాత్రం వేయలేదు. వెంట్రుకతో కప్పేశాను. అంత మంచి మొహం నేను మళ్లీ వేయలేను. ఆయన ఇంట్లో అందరూ వచ్చి దాని ముందే నిలబడ్డారు.

సత్య పుట్టినరోజుకి గుర్రం కావాలంది. ఒట్టి మొహం చాలంది. చిన్న అట్ట మీద అదే మొహం వేసి బస్సు పార్శిల్‌లో సామర్లకోట పంపాను. అది తన మంచం ఎదురుగా పెట్టించుకుంది.

దశరథ్ మళ్లీ గుర్రాన్ని కొనలేదని విన్నాను. ఏదో గోడౌన్‌లో మూటలు మోస్తున్నాడని విన్నాను. ఒకసారి పటాన్‌చెరు బస్టాండులో అతన్ని చూసి, కాలెండర్ల దుకాణంలోకి వెళ్లి, ఏమీ కొనకుండా అరగంట నిలబడ్డాను. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. పోలీసులు వస్తే, పేరు పోతే, నా పిల్లలకి ఎవరున్నారు అనుకునేదాన్ని. పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం ఎంత తేలికో.

జులైలో సోమేశ్వర్ గారు ఫోన్ చేశారు.

"మేడం, పట్టీ వద్దన్న గద!"

"పట్టీ వేయలేదండీ."

"అయితే వచ్చి సూడుండ్రి. నా కండ్లు ఖరాబైనయేమో."

సంగారెడ్డి వెళ్లి చూశాను. ఏడో గుర్రం మూతి చుట్టూ ఒక గీత ఉంది. రంగు కాదు. వెంట్రుకలు అణిగిపోయినట్టు, ఏదో కనబడనిది బిగించి కట్టినట్టు. నేను కప్పేసిన చోటే. దాని మీద మళ్లీ రంగు వేసి వచ్చాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకా లోతుగా. చెంప మీద చర్మం గీతకి అటూ ఇటూ ఉబ్బి ఉంది. సోమేశ్వర్ గారి భార్య అరుణాదేవి నన్ను గుమ్మం దాకా సాగనంపి, గొంతు తగ్గించి అడిగింది.

"పొద్దుగూకంగ దాని దగ్గర తడి తోలు వాసన వస్తది. గదేం రంగు అక్కా?"

అదే వాసన నాలుగు రోజులుగా నా గదిలోనూ వస్తోంది.

*

ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన. ఐదింటికి కరెంటు పోయింది. టైర్ల షాపు షట్టరు దించేశారు. గదిలో రంగుల నూనె వాసన, కిటికీ సందుల్లోంచి ఆ క్యాబేజీ వాసన. తర్వాత ఆ రెండింటినీ తోసుకుంటూ మూడోది... తడి తోలు, గడ్డి, గుర్రం చెమట.

మెట్ల మీద ఏమీ లేదు. రెండుసార్లు చూశాను.

ఏడు అవుతుండగా గది మూల నుంచి చిన్న శబ్దం వచ్చింది. టిక్. బకిల్ ముల్లు బెజ్జంలో పడినప్పుడు వచ్చే శబ్దం. ఆ శబ్దం నాకు బాగా తెలుసు.

ఫోన్ మోగింది. అక్క. వీడియో కాల్. తెర మీద ముందు సీలింగ్ ఫ్యాను, తర్వాత సత్య మొహం.

దాని ముక్కు మీదుగా ఒక గీత ఉంది. చెంపల మీదుగా చెవుల వెనక్కి పోయింది.

"నెబులైజర్ మాస్కు పెట్టుకున్నావా నాన్నా?"

"లేదమ్మా." గొంతు సన్నగా వచ్చింది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల.

అక్క పక్క నుంచి అంది, "దిండు మడత అనుకున్నానే. వారం నుంచి సాయంత్రమైతే వస్తోంది. పొద్దుటికి పోతోంది. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. కాల్‌కి ముందు మొహానికి పౌడరు రాసి కూర్చోబెట్టేదాన్ని. ఇవాళ మాత్రం... ఆటో కోసం మీ బావని పంపాను, ఆసుపత్రికి తీసుకెళ్తాం."

సత్య ఫోన్‌ని నోటి దగ్గరికి లాక్కుంది. గుసగుసగా చెప్పింది.

"అమ్మా... ఎవరో కడుతున్నారు. కనబడరు. చేతులు గరుగ్గా ఉంటాయి."

"ఎవరు నాన్నా?"

"ఏడుస్తూ కడతారు. తప్పయింది చమ్కీ, తప్పయింది చమ్కీ అంటారు." ఊపిరి కోసం ఆగింది. "చమ్కీ ఎవరమ్మా?"

ఆ పేరు నేను నా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు.

*

కందికి ఆటోవాడు రానన్నాడు. బతిమాలాను. దారంతా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. అవతల ఆసుపత్రికి పోతున్న ఆటోలో అక్క, "పీల్చు తల్లీ, మెల్లగా పీల్చు," అంటోంది. ఆ ఈల వినిపిస్తూనే ఉంది. ఒక్కోసారి ఆగేది. అప్పుడు నేనూ ఊపిరి ఆపేదాన్ని.

బీరమ్మ తలుపు తీసింది. వెనక దశరథ్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతని మోకాళ్లు బురదగా ఉన్నాయి.

"ఏంది మేడం, గీ వానల..."

"నేనే తీశాను," అన్నాను. "పట్టీ నేనే తీశాను దశరథ్. నువ్వు నీళ్లకి వెళ్లినప్పుడు. అది పోయాక బకిల్ మళ్లీ పెట్టేశాను. నీ తప్పు కాదు. వదులు పెట్టడం వల్ల కాదు. నేనే."

రేకుల మీద వాన. బీరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆర్నెల్లు," అంది బీరమ్మ. "ఆర్నెల్ల సంది ఈయన అన్నం సక్కగ తినలే. మీరు పటాన్‌చెర్ల కూసొని బొమ్మలేసుకుంటున్నరా?"

"అవును."

దశరథ్ తల ఎత్తలేదు. "మరి గిప్పుడెందుకు చెప్తున్నరు?"

చెప్పాను. సత్య మొహం మీది గీత, ఆ చేతులు, ఆ మాటలు. చెప్తుండగా అతని పెదాలు తెల్లబడ్డాయి.

"అదొస్తది మేడం," అన్నాడు మెల్లగా. "పొద్దుగూకంగ కొట్టంలకు వస్తది. దీపం పెడితే రాదు. చీకట్ల వచ్చి నిలబడ్తది. వెచ్చగ ఊపిరి తగుల్తది. నేను వదులు పెట్టినందుకే వచ్చింది, మంచిగ కట్టించుకోనీకి వచ్చింది అనుకున్న. రోజు కడుతున్న. రోజు ఒక బెజ్జం బిగిస్తున్న."

"ఇవాళ?"

"ఇయ్యాల... ఆఖరి బెజ్జం."

ఫోన్‌లో ఈల ఆగింది. మళ్లీ మొదలైంది.

"దశరథ్, అది ఎంత ఎత్తు ఉంటుంది?"

అతను తన మోకాళ్ల బురద చూసుకున్నాడు. "మొదాల చమ్కీ అంతనే ఉండె. తర్వాత తలకాయ కిందికి వంచుతున్నదనుకున్న. ఇప్పుడు..." అరచేత్తో ఎత్తు చూపించాడు. "మోకాళ్ల మీద కూసొని కడుతున్న."

కొట్టంలోకి దీపం లేకుండానే వెళ్లాం. చీకటి. ముందు వాసన తగిలింది. అందులో గుర్రం లేదు... కొబ్బరినూనె, పిల్లల పౌడరు. కళ్లు అలవాటయ్యాక తాడు కనబడింది. రాట నుంచి బిగుతుగా సాగి ఉంది. దాని చివర పట్టీ గాలిలో నిలిచి ఉంది. నా నడుము ఎత్తులో. గుర్రం మూతికి సరిపోయే వలయం కాదు అది. నా అరచెయ్యి పట్టేంత.

అది కొంచెం ఎత్తుకి లేచి, కొంచెం దిగుతోంది.

ఊపిరి.

నేను చెయ్యి చాపాను. దశరథ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"మీరు ముట్టకుండ్రి," అన్నాడు. ఆ మాటే ఆ రోజూ అన్నాడు. ఈసారి ఆగాను.

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. చీకట్లో అతని వేళ్లు తోలు మీద తడుముకోవడం వినిపించింది. బకిల్ కదిలింది. "నేను నిన్ను ఇడిసిపెట్టలే బిడ్డా," అన్నాడు ఆ ఖాళీతో. "ఇడిసిపెట్టింది నేను గాదంట. ఇగ నేనెందుకు కట్టాలె? పో."

టిక్.

పట్టీ నేల మీద పడింది. ఏదో నా చీర కుచ్చిళ్లని రాసుకుంటూ పోయింది. బయట బురదలో అడుగుల చప్పుడు. నాలుగు కాళ్లవి కావు. రెండు చిన్న కాళ్లు, చెప్పులు లేనివి. రోడ్డు వైపు కాదు, పొలాల్లోకి పోయాయి. పేరు పెట్టి పిలవాలని నోరు తెరిచాను. ఏ పేరు పెట్టి పిలవాలో తెలియలేదు.

ఫోన్‌లో అక్క ఏడుస్తోంది. "పోయిందే! గీత పోయింది. మామూలుగా పీలుస్తోంది. ఆకలేస్తోందంటోంది!"

దశరథ్ లేచి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "పాప మంచిగుండాలె," అన్నాడు. "మిమ్ముల మాత్రం మాఫ్ చేస్తనని అనుకోకుండ్రి." అలా అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను.

*

పది రోజులు సత్య హాయిగా ఉంది. ఈల లేదు, గీత లేదు. పదకొండో రోజు అక్క ఫోన్ చేసింది. ముందు నవ్వుతూనే చెప్పింది.

"నీ కూతురు నిలబడి నిద్రపోతోందే."

మంచం మీద పడుకోబెడితే అర్ధగంటలో లేచి గోడ పక్కన నిలబడుతుందట. కళ్లు సగం తెరిచి. ఒక కాలు కొంచెం వంచి, బరువంతా రెండో కాలి మీద వేసి. కుదిపితే లేవదు. పొద్దున్న అడిగితే బాగా నిద్రపోయాననే అంటుంది.

ఎవర్ని అడగాలో నాకు తెలుసు. దశరథ్ ఫోన్ ఎత్తాడు. సత్య నిలబడి నిద్రపోతోందని చెప్పాను.

"ఒక్కతే ఉన్న గుర్రం పండుకోదు మేడం," అన్నాడు. "పక్కన ఇంకోటి నిలబడి కావలుంటెనే పండుకుంటది." పెట్టేశాడు.

గది ఖాళీ చేసి సామర్లకోట వచ్చేశాను. మొదటి రాత్రే గోడ పక్కన సత్య దగ్గర నిలబడ్డాను. కళ్లు తిప్పి నన్ను చూసింది. వెళ్లి మంచం మీద పడుకుని ఒళ్లు మరిచి నిద్రపోయింది. నేను కుర్చీలో కూర్చోగానే లేచింది. మళ్లీ నిలబడ్డాను. మళ్లీ పడుకుంది. అప్పటినుంచి తెల్లారేదాకా నిలబడే ఉంటున్నాను. ఇన్నేళ్లు దాని పక్కన లేనందుకు ఇది పెద్ద శిక్షేమీ కాదు. పగలు నిద్రపోతాను. కాళ్లు వాచాయి. పరవాలేదు.

నిన్న మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఎప్పుడు కూలబడ్డానో తెలియదు. మెలకువ వచ్చేసరికి నేల మీద ఉన్నాను, కిటికీలోంచి ఎండ పడుతోంది. వెంటనే మంచం వైపు చూశాను.

సత్య పడుకునే ఉంది. దుప్పటి కూడా నలగలేదు. రాత్రంతా ఒక్కసారీ లేవలేదని రమ్య చెప్పింది.

"ఎలా లేస్తుందమ్మా?" అంది. "నువ్వు దాని పక్కనే నిలబడి ఉన్నావుగా. నేను మూడుసార్లు చూశాను. నీ దగ్గర ఏదో తడి తోలు వాసన వచ్చింది. పిలిస్తే పలకలేదేం?"